రౌల్ పటేరాస్ పెస్కారా

రౌల్ పటేరాస్ పెస్కారా (1890 - 1966) అర్జెంటీనాలో జన్మించి ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్సు దేశాలలో కృషి చేసిన ఆవిష్కర్త. హెలికాప్టరు తొలి నిర్మాతలలో ఒకడిగా ప్రసిద్ధుడు. క్రాంక్‌షాఫ్టు లేకుండా పనిచేసే స్వేచ్ఛా పిస్టన్ ఇంజనుకు ఆద్యుడు కూడా ఇతడే. ఈ ఇంజనులో దహనాన్ని అదుపు చేయడం ఇతని జీవితకాలంలో కష్టసాధ్యంగానే మిగిలింది. ఆ సమస్యను తరువాతి తరాలవారు కంప్యూటర్ల సహాయంతో పరిశోధించారు.

తొలి జీవితము

పెస్కారా బ్యూనస్ ఎయిర్స్ నగరంలో, ఇటలీ మూలాలు గల కుటుంబంలో జన్మించాడు. తరువాత యూరోపులో స్థిరపడ్డాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇటలీ నౌకాదళ ఇంజనీరు అలెస్సాండ్రో గ్విడోనితో కలిసి, టార్పెడోను మోసుకుపోగల సముద్ర విమానాన్ని రూపొందించాడు.

హెలికాప్టర్లు, కార్లు

యుద్ధానంతరం పెస్కారా మొదట బార్సిలోనాలోను, ఆపై పారిస్ పరిసరాలలోను హెలికాప్టర్లు నిర్మించాడు. వీటిలో ఒకే ఇరుసుపై రెండు రోటర్లు పరస్పరం వ్యతిరేక దిశలలో తిరిగేవి. రోటరు తిరుగుతుండగానే రెక్కల వాలు మార్చి యంత్రాన్ని కోరిన దిక్కుకు నడిపే ఏర్పాటును ఇతడు ఆచరణలో చూపాడు. 1924 ఏప్రిల్ 18న ఇతని హెలికాప్టరు 4 నిమిషాల 11 సెకన్లలో 736 మీటర్ల దూరం ఎగిరి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. మే 4న ఫ్రెంచి ఆవిష్కర్త ఎతియెన్ ఒమిషెన్ ఒక కిలోమీటరు వలయాన్ని పూర్తి చేసి దానిని అధిగమించాడు.

తరువాత పెస్కారా బార్సిలోనాలో 8 సిలిండర్ల నాసియోనాల్ పెస్కారా కారును తయారు చేశాడు. 1931లో యూరోపు కొండదారి పందేలలో హువాన్ సనెల్లి ఈ కారుతో విజయాలు సాధించాడు.

స్వేచ్ఛా పిస్టన్ ఇంజను

పొలాలకు నీరు తోడే డీజిల్ ఇంజనులో పిస్టన్ ఒక కడ్డీ ద్వారా క్రాంక్‌షాఫ్టుకు కట్టుబడి ఉంటుంది. అది ఎంతవరకు పోవాలో, ఎక్కడ తిరగాలో క్రాంకే నిర్ణయిస్తుంది. పెస్కారా ఈ బంధాన్ని తొలగించాడు. ఇతని మోటారు కంప్రెసరుకు 1928 జనవరి 31న అమెరికా పేటెంటు లభించింది.

ఈ పద్ధతి పరిణతి చెందిన యంత్రాలలో ఒకే సిలిండరులో రెండు పిస్టన్లు ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య ఇంధనం మండగానే అవి రెండు వైపులకూ విసిరివేయబడతాయి. వెలుపలి కొసలకు అమర్చిన పెద్ద పిస్టన్లు గాలిని సంపీడనం చేస్తాయి. వెనుక గదులలో నొక్కుకుపోయిన గాలి పిస్టన్లను తిరిగి లోపలికి తోస్తుంది. పిస్టన్లు ఎక్కడ ఆగాలో నిర్ణయించే క్రాంకు లేనందున సంపీడన నిష్పత్తి స్థిరంగా ఉండదు. ఒక విడత సరిగా మండకపోతే తరువాతి విడతకు కావలసిన సంపీడనం కొరవడి యంత్రం ఆగిపోవచ్చు. క్రాంక్‌షాఫ్టు, దాని బేరింగులు లేకపోవడం ఈ ఇంజనుకు లాభం కాగా, పిస్టన్ కదలిక పూర్తిగా దహనంపైనే ఆధారపడడం దీని ప్రధాన చిక్కు.

పెస్కారా పారిస్‌లో సాంకేతిక కార్యాలయాన్ని స్థాపించాడు. అక్కడ స్విస్ ఇంజనీరు రాబర్ట్ హ్యూబర్ ఈ కృషిని ముందుకు తీసుకుపోయాడు. ఫ్రాన్సులోని సిగ్మా సంస్థ తయారు చేసిన జీఎస్-34 యంత్రంలో సిలిండరు వ్యాసం 340 మిల్లీమీటర్లు. దాని వేడి వాయువులు టర్బైనును నడిపేవి. 1950లలో విద్యుత్ కేంద్రాలు, ఓడలు, రైలింజనులలో ఈ విధానాన్ని వాడారు. జనరల్ మోటార్స్ 1956లో ఎక్స్‌పీ-500 అనే ప్రయోగాత్మక కారును ప్రదర్శించింది. అయితే డీజిల్ ఇంజనులు, గ్యాస్ టర్బైనులు వేగంగా మెరుగుపడడంతో ఈ యంత్రాలకు ఆదరణ తగ్గింది. పెస్కారా 1966లో పారిస్‌లో మరణించాడు.

అనంతర పరిశోధన

మామూలు ఇంజనుకు కంప్యూటరు నమూనా తయారుచేసేటప్పుడు క్రాంకు కోణాన్ని బట్టి పిస్టన్ స్థానం ముందే తెలుస్తుంది. స్వేచ్ఛా పిస్టన్ విషయంలో అలా వీలుకాదు. దహనం వలన పీడనం, పీడనం వలన కదలిక, కదలిక వలన మళ్ళీ సిలిండరు ఘనపరిమాణం మారుతూ ఉంటాయి. కనుక న్యూటన్ గమన సూత్రాన్ని, ఉష్ణగతిక సమీకరణాలను అతి స్వల్ప కాలవ్యవధులలో కలిపి సాధించవలసి ఉంటుంది. సరళమైన నమూనాలు సిలిండరులోని వాయువు అంతటా ఒకే ఉష్ణోగ్రత, పీడనం ఉన్నట్లు భావిస్తాయి. వివరమైన నమూనాలు సిలిండరును వేలాది చిన్న గడులుగా విభజించి వాయు ప్రవాహాన్ని, మంటను లెక్కిస్తాయి.

1990ల నుండి అమెరికాలోని శాండియా ప్రయోగశాలలోను, తరువాత బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలోను ఇటువంటి పరిశోధనలు జరిగాయి. సంపీడనం చివర పిస్టన్ క్రాంకు ఇంజనులో కంటె త్వరగా వెనుదిరుగుతుందని, అందువలన వాయువులు అధిక ఉష్ణోగ్రతలో ఉండే కాలం తగ్గుతుందని నమూనాలు చూపాయి. దీనివలన నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గే అవకాశం ఉన్నా, ఇంధనం పూర్తిగా మండడానికి లభించే వ్యవధి కూడా తగ్గుతుంది. 2014లో టయోటా పరిశోధకులు పిస్టన్ కదలిక నుండి నేరుగా విద్యుత్తును ఉత్పత్తి చేసే నమూనా యంత్రాన్ని వివరించారు. ఇందులో పిస్టన్ కదలికను విద్యుత్ యంత్రం ద్వారా అనుక్షణం సరిదిద్దుతారు. పెస్కారా తొలగించిన క్రాంకు చేసే నియంత్రణను ఇందులో ఎలక్ట్రానిక్ వ్యవస్థ నిర్వహిస్తుంది.