ఓల్నీ సమాధి రాయి మీద లేని మాట

ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్ ప్రాంతంలో ఓల్నీ అనే చిన్న సంత ఊరు ఉంది. లండనుకు ఉత్తరంగా సుమారు 60 మైళ్ల దూరం. గ్రేట్ ఊజ్ నది ఒడ్డున, 14వ శతాబ్దంలో కట్టిన పేతురు పౌలుల దేవాలయం ఆ ఊరికి గుర్తు. 180 అడుగులు దాటిన దాని శిఖరం ఊరు చేరకముందే కనబడుతుంది. భస్మ బుధవారానికి ముందురోజు ఆ ఊరి స్త్రీలు పెనాల్లో అట్లు పట్టుకుని సంత వీధి నుంచి దేవాలయం దాకా పరుగు పందెం పెట్టుకుంటారు. 1445 నుంచి ఉన్న ఆచారమని చెబుతారు. మేము వెళ్లింది మాత్రం దేవాలయ ఆవరణలో ఒక మూల ఉన్న సమాధి కోసం.

అది జాన్ న్యూటన్ సమాధి. 'అమేజింగ్ గ్రేస్' పాట రాసినవాడంటే మన సంఘాల్లో చాలామందికి తెలుస్తుంది. ప్రసంగాల్లో ఆయన సాక్ష్యం ఇలా వింటుంటాం: బానిసల ఓడ నడిపేవాడు, తుపానులో చిక్కి ప్రభువుకు మొరపెట్టాడు, ఆ పాపపు వ్యాపారం అక్కడికక్కడే విడిచిపెట్టాడు, పాట రాశాడు. మేమూ ఇలా చెప్పినవాళ్లమే. కానీ జరిగిన వరుస ఇది కాదు.

న్యూటన్ 1725 జూలై 24న లండనులో పుట్టాడు. భక్తిగల తల్లి ఎలిజబెత్ ఒడిలోనే వాక్యం నేర్చుకున్నాడు. ఏడేళ్లు నిండకముందే క్షయ ఆమెను తీసుకుపోయింది. తండ్రి ఓడ కెప్టెను. కొడుకు కూడా 11వ ఏట సముద్రం ఎక్కాడు. 1744లో యుద్ధనౌకలో పనికి బలవంతంగా పట్టుకుపోయారు. పారిపోయి, దొరికిపోయి, కొరడా దెబ్బలు తిన్నాడు. ఆ తర్వాత పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఒక బానిసల వర్తకుని దగ్గర చేరాడు. జ్వరంతో పడి ఉన్నప్పుడు ఆ వర్తకుని భార్య తిండి పెట్టక అవమానించేది. ఆ రోజుల్లో గొలుసుల్లో ఉన్న బానిసలే తమకు దొరికిన తిండిలోంచి కొంత తీసి రహస్యంగా ఆయనకు పెట్టారు. ఈ సంగతి ఆయనే తన జీవిత కథలో రాసుకున్నాడు.

1748 మార్చిలో ఇంటికి తిరిగి వస్తుండగా గ్రేహౌండ్ అనే ఓడ తుపానులో పడి దాదాపు మునిగింది. నీళ్లు తోడి తోడి అలసిన ఆ యువకుడు, ఎన్నాళ్లుగానో ఎగతాళి చేసిన దేవుని కనికరం అడిగాడు. ఆ తేదీని చనిపోయేవరకు ఏటేటా గుర్తుంచుకుని ప్రార్థనలో గడిపాడు. మార్పు నిజమే.

అయితే అదే ఏడు ఆయన మళ్లీ బానిసల ఓడ ఎక్కాడు. 1750లో, పదిహేడో ఏట నుంచి మనసులో నిలుపుకున్న మేరీని పెళ్లాడాడు. ఆ ఏడాది నుంచి 1754 వరకు కెప్టెనుగా మూడు ప్రయాణాలు చేశాడు. ఆదివారాల్లో నావికులకు ఆరాధన జరిపించేవాడు. బైబిలు చదివేవాడు, భార్యకు ప్రేమగా ఉత్తరాలు రాసేవాడు. కింద చీకటి అరల్లో మనుషులు సంకెళ్లలో ఉండేవారు. ఎవరైనా చనిపోతే ఓడ దినచర్య పుస్తకంలో పేరు ఉండదు, ఒక అంకె ఉంటుంది. తిరుగుబాటు పథకం ఉందని తెలిసినప్పుడు, నిజం రాబట్టడానికి కొందరు కుర్రవాళ్ల బొటనవేళ్లను ఇనుప మరల మధ్య నొక్కించినట్టు కూడా తానే రాసుకున్నాడు. తన పని జైలరు పనిలా ఉందని కొంత బాధపడ్డాడు. ఇంతకంటే మెరుగైన పని ఇమ్మని ప్రార్థించాడు కూడా. కానీ ఆ వ్యాపారమే పాపమని అప్పట్లో తోచలేదు. చుట్టూ ఉన్న విశ్వాసుల్లోనూ అలా అన్నవారు అరుదు. 1754లో నాలుగో ప్రయాణానికి ముందు మూర్ఛలాంటి జబ్బు రావడంతో సముద్రం మానేశాడు. మనస్సాక్షి ఆయనను ఓడ దింపలేదు, జబ్బు దింపింది.

లివర్‌పూల్‌లో సుంకాల శాఖ ఉద్యోగం చేస్తూ గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నాడు. అభిషేకం కోసం ఏళ్ల తరబడి తిరస్కారాలు చూసి, చివరకు 1764లో ఓల్నీకి గురువుగా వచ్చాడు. లేసు అల్లి పొట్ట పోసుకునే బీదల ఊరది. ఆయన ఇంటింటికీ వెళ్లేవాడు, పిల్లలకు వేరే కూడికలు పెట్టాడు. జనం పెరిగి దేవాలయంలో గ్యాలరీ కట్టాల్సి వచ్చింది. ఆయన నిలబడిన ప్రసంగ వేదికను ఇప్పటికీ లోపల ఉంచారు. 1773 జనవరి 1న, దావీదు ప్రార్థన ఉన్న 1 దినవృత్తాంతములు 17వ అధ్యాయం మీద ప్రసంగానికి జతగా ఆ ప్రసిద్ధ కీర్తన రాశాడు. అదే నెల ఆయన స్నేహితుడైన కవి విలియం కౌపర్ మనసు చెదిరిపోయింది. కౌపర్‌ను తన ఇంట్లోనే ఏడాదికి పైగా పెట్టుకుని చూసుకున్నాడు. మాకు ఈ ఏడాది ఆ కీర్తన కంటే తక్కువైనదిగా కనబడదు. ఇద్దరి కీర్తనలు కలిసి 348, 1779లో 'ఓల్నీ కీర్తనలు'గా వచ్చాయి.

గురువు ఇంట్లో తాను చదువుకునే గదిలో, పొయ్యి పైగోడ మీద రెండు వచనాలు రాయించుకున్నాడు. ఒకటి యెషయా 43 నుంచి. రెండోది ద్వితీయోపదేశకాండము 15 నుంచి, ఐగుప్తులో దాసునిగా ఉన్న సంగతి మరువవద్దని చెప్పే వచనం. దాని ఎదుట ఆయన కూర్చున్న ఏళ్లలో, తాను దాసులుగా మోసుకుపోయినవారి గురించి లోకానికి ఒక్క పుస్తకం రాయలేదు.

రాసింది 1788లో. అప్పటికి లండనులో గురువు, వయసు 62. ఓడ దిగి 34 ఏళ్లు. మూడేళ్ల ముందు విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు రహస్యంగా వచ్చి సలహా అడిగితే, రాజకీయం విడవకుండా అక్కడే దేవుని సేవ చేయమని పంపాడు. ఆ యువకుడు బానిస వ్యాపారం మీద పోరాటం మొదలుపెట్టాక, న్యూటన్ తన ఓడల్లో చూసిందంతా చిన్న పుస్తకంగా వేశాడు. బతికున్నవాడిని చచ్చినవాడితో ఒకే సంకెలలో కనుగొన్న ఉదయాల గురించి కూడా దాచలేదు. తన ఒప్పుకోలు ఆలస్యమైందని అందులోనే చెప్పుకున్నాడు. పార్లమెంటు విచారణ ముందు సాక్ష్యమిచ్చాడు. 1807 మార్చిలో చట్టం వచ్చింది. చూపు దాదాపు పోయిన ఆ ముసలాయన డిసెంబరు 21న, 82వ ఏట కన్నుమూశాడు.

మొదట లండనులోనే సమాధి చేశారు. 1893లో ఆయన అవశేషాలనూ, మేరీ అవశేషాలనూ ఓల్నీకి తెచ్చారు. రాతి మీది వాక్యాలు ఆయన బతికుండగానే రాసిపెట్టుకున్నవి. అవిశ్వాసిగా తిరిగానని, ఆఫ్రికాలో బానిసలకు దాసునిగా ఉన్నానని, క్రీస్తు క్షమించి సువార్తకు నియమించాడని వాటి సారాంశం. మేము రెండుసార్లు చదివాం. బానిసలకు దాసుడినని ఉంది. బానిసలను అమ్మిన కెప్టెనునని లేదు. 1788లో అచ్చు వేసి ఒప్పుకున్నవాడు దాచుకున్నాడని అనలేం. అయినా ఆ మాట రాతి మీదికి రాలేదు.

ఆ తీరాన గొలుసుల్లో ఉండి ఆయనకు తిండి పెట్టినవారి పేర్లు కూడా మనదాకా రాలేదు.