ఆంధ్రకేసరి - చెన్నపురి శాసనసభ లెక్క

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. నేను పాఠశాలలో చదివినది స్వల్పము. లెక్కలు వ్రాయుట నా వృత్తి. భారత భాగవతములు రాత్రివేళల నాకు నేనై కూడబలుకుకొని చదివినవి. అట్టివాడు టంగుటూరి ప్రకాశం పంతులుగారిని గూర్చి వ్రాయబూనుట సాహసమే యగును. అయినను వారి జీవితమున ఒక ఘట్టము కేవలము లెక్కకు సంబంధించినది కావున నాకు కొంత ధైర్యము కలిగినది.

సాయంకాలము మన గ్రంథాలయము అరుగుమీద పత్రిక చదువునపుడు, ఏదో యొక రాష్ట్రమున ఏ పక్షమునకును నిండు ఆధిక్యము రాలేదనియు, ప్రతిపక్షములన్నియు ఒక్కటై గవర్నరు కడకు పోయినవనియు వార్త వచ్చినపుడెల్ల, పెద్దలలో ఒకరైనను 1952లో ప్రకాశంగారికి జరిగినది తలచుకొనక మానరు. అది అన్యాయమని కొందరు, న్యాయమేనని కొందరు వాదింతురు. ఆ తగవును ఒకమారు పద్దు పద్దుగా చూడవలెనని నాకు చిరకాలముగా కోరిక కలదు.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. పదునొకండేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు పెట్టి బిడ్డలను పెంచినది. నలుగురికి వండి వడ్డించి కుటుంబమును నిలుపుట ఆ దినములలో గౌరవమైన పనిగా లోకులు ఎంచెడివారు కారు. ఆమె ఆ మాటలు లెక్కచేయలేదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు బాలుని తెలివి గుర్తించి తనతో రాజమహేంద్రవరము తీసికొనిపోయి చదివించెను. నాటకములలో వేషములు కట్టుటయందు ఆ బాలునకు మిక్కిలి మోజు. ఆ మోజులోను చదువు చెడలేదు. రాజమహేంద్రవరముననే ప్లీడరై, పురపాలక సంఘాధ్యక్షుడై, పిమ్మట సీమకు పోయి బారిష్టరై వచ్చి 1907 నుండి చెన్నపట్టణమున న్యాయవాదవృత్తి సాగించిరి. ధనము విశేషముగా ఆర్జించిరి.

ఆ ధనమంతయు ఏమైనదో మన గ్రామములో చాలమందికి తెలియును. 1921లో వృత్తిని వదలిరి. ఆ సంవత్సరమే స్వరాజ్య పత్రికను స్థాపించి, దానికై ఉన్నదంతయు ఊడ్చి పెట్టిరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను కమీషను రాకకు నిరసనగా చెన్నపట్టణమున జనులు వీథులలోనికి వచ్చినపుడు, తుపాకికి ఎదురుగా రొమ్ము విప్పి నిలిచి ఆంధ్రకేసరి యనిపించుకొనిరి. ఈ కథ మన పిల్లలకు పాఠ్యపుస్తకములలోనే కలదు గనుక ఇక్కడ పెంచి వ్రాయను.

ఇక లెక్క మొదలగునది 1946లో. అప్పటికి పంతులుగారు క్విట్టిండియా ఉద్యమమున మూడేండ్లకు పైగా కారాగారమున ఉండి వచ్చిరి. మద్రాసు రాష్ట్రమునకు రాజగోపాలాచారిగారు ప్రధాని కావలెనని కాంగ్రెసు పెద్దల కోరిక. శాసనసభ్యులు దానికి ఒప్పుకొనలేదు. ఏప్రిల్ 30వ తేదీన పంతులుగారు ప్రధాని అయిరి. వారికి గ్రామములమీద, చేనేతమీద, రాట్నముమీద అచంచలమైన నమ్మకము. క్రొత్త బట్టల మిల్లులు వలదనిరి. ఫిర్కా అభివృద్ధి పథకము తెచ్చిరి. కాని సొంత పక్షములోనివారే కూడబలుకుకొని పదునొకండు నెలలకు, 1947 మార్చిలో, వారిని దింపిరి. పరులు ఓడించినది కాదు, ఇంటివారు లేపివేసినది. ఆ కాలమున ఇంకొక సంగతి జరిగినది. దానిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. 1947 జనవరిలో పంతులుగారి ప్రభుత్వమే ప్రజాభద్రతా ఆర్డినెన్సును తెచ్చి కమ్యూనిస్టులను అనేకులను నిర్బంధించినది.

1951లో పంతులుగారు కాంగ్రెసును వీడిరి. ఆచార్య రంగాగారును వీడిరి. ఇరువురును కొన్నాళ్ళు ఒకే త్రోవ నడిచి, తుదకు వేరైరి. పంతులుగారిది కృపలానీగారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ, రంగాగారిది కృషికార్ లోక్ పార్టీ. ఎన్నికలకు ముందే ఇట్లు చీలుట తరువాతి కథకు నాంది యని నా తలంపు.

వయోజనులందరికి ఓటు వచ్చిన పిమ్మట తొలి ఎన్నిక 1952 ఆరంభమున ముగిసినది. అప్పటి మద్రాసు శాసనసభలో స్థానములు 375. ప్రభుత్వము నడుపుటకు 188 మంది కావలెను. కాంగ్రెసుకు వచ్చినవి 152. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాగారే ఓడిపోయిరి. మంత్రులలోను పలువురు ఓడిరి. కమ్యూనిస్టులకు 62, పంతులుగారి ప్రజా పార్టీకి 35, తమిళనాడు టాయిలర్స్ పార్టీకి 19, కృషికార్ లోక్ పార్టీకి 15, సోషలిస్టులకు 13, కామన్‌వీల్ పార్టీకి 6, ముస్లిం లీగుకు 5. ఏ పక్షమునకును చెందని స్వతంత్రులు 62 మంది. ఆంధ్ర ప్రాంతమందలి స్థానములలో కాంగ్రెసుకు దక్కినవి కొన్ని మాత్రమే. ప్రజలు పాతవారిని కాదనిరన్నది స్పష్టము. క్రొత్తవారు ఎవరో మాత్రము వారు చెప్పలేదు.

అప్పుడు ప్రతిపక్షములు కొన్ని చేరి ఐక్య ప్రజాతంత్ర సంఘటన యను కూటమి కట్టినవి. కమ్యూనిస్టులు, ప్రజా పార్టీవారు, టాయిలర్స్ పార్టీవారు, కామన్‌వీల్ వారు, కొందరు స్వతంత్రులు అందులో చేరిరి. నాయకుడుగా ప్రకాశం పంతులుగారిని ఎన్నుకొనిరి. అయిదేండ్ల క్రిందట తమవారిని చెరలో పెట్టించిన మనిషినే కమ్యూనిస్టులు నాయకుడుగా ఒప్పుకొనిరి. తాను చెరలో పెట్టించినవారి భుజముమీద పంతులుగారు చేయి వేసిరి. దీనిని అవకాశవాదమని కొందరు నిందించిరి. నేనట్లనుకొనను. పంతులుగారికి అప్పటికి డెబ్బదితొమ్మిదేండ్లు. ఆ వయసున వారికి పదవి వలన రాగల లాభమేమి? ఓడినవారు మరల గద్దె నెక్కరాదన్న పట్టుదలయే వారిని నడిపినది. అయినను ఆ కూటమిని కట్టిన త్రాడు కాంగ్రెసుపై కోపమొక్కటే. కోపము తప్ప వేరు త్రాడు అందులో నాకు కానరాదు.

తమ పక్షమున 166 మంది కలరని పంతులుగారు గవర్నరుకు తెలిపి ప్రభుత్వము నేర్పరచు అవకాశము కోరిరి. ఇచ్చట నేను నా వృత్తిధర్మముగా ఒక కూడిక, ఒక తీసివేత చేయుచున్నాను. కాంగ్రెసు 152, నిండు సంఖ్యకు 36 తక్కువ. సంఘటన 166, నిండు సంఖ్యకు 22 తక్కువ. ఇరువురిదియు లోటు బడ్జెట్టే. అయితే సంఘటన లోటు చిన్నది. ముందు పిలువవలసినది ఎవరిని? విడివిడిగా చూచిన కాంగ్రెసు పెద్దది, కలిపి చూచిన సంఘటన పెద్దది. రాజ్యాంగము అమలులోనికి వచ్చి రెండేండ్లే. ఇట్టి చిక్కునకు పూర్వోదాహరణము లేదు.

గవర్నరు శ్రీప్రకాశగారు ఆ మార్చి నెలలోనే పదవికి వచ్చినవారు. కాంగ్రెసువారు ఎన్నికలలో పోటీయే చేయని రాజగోపాలాచారిగారిని బతిమాలి తెచ్చి నాయకుని చేసికొనిరి. గవర్నరు వారిని శాసనమండలికి నామినేటు చేసి, ప్రభుత్వ మేర్పరచుటకు పిలిచిరి. 1952 ఏప్రిల్ 10వ తేదీన రాజాజీగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిరి. సాహిత్యము, కళలు మున్నగువానియందు ప్రవీణులకై ఉంచిన స్థానమది. రాజాజీగారు గొప్ప రచయిత యన్నది నిజమే. వారిని ఆనాడు పిలిచినది అందులకు కాదన్నదియు నిజమే. జనులు ఓటు వేయని మనిషి ముఖ్యమంత్రి యగుట ఉచితము కాదని కాంగ్రెసులోనే పలువురికి తోచినది. కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తిగారు ఉన్నత న్యాయస్థానమునకు పోయిరి. గవర్నరు విచక్షణలో తాము జోక్యము చేసికొనజాలమని న్యాయస్థానము ఆ పిటీషనును త్రోసివేసినది.

మహాభారతము ఉద్యోగపర్వమున శల్యుని కథ కలదు. మన సభ్యులలో తిక్కనగారిని చదివినవారు ఎరుగుదురు. శల్యుడు పాండవులకు మేనమామ వరుస. వారికి తోడుపడుటకే సేనతో బయలుదేరినాడు. దారిపొడవునను దుర్యోధనుడు విడిదులు కట్టించి విందులు పెట్టించెను. సత్కారమునకు సంతసించి వరమిచ్చిన శల్యుడు, ఎవరికై బయలుదేరెనో వారికి ఎదుటి పక్షమున చేరవలసి వచ్చెను. 1952 ఏప్రిలులో చెన్నపట్టణమున జరిగినది ఇదియే. సంఘటనలోని కామన్‌వీల్ పార్టీ నాయకుడు మాణిక్యవేలు నాయకరుగారికి రాజాజీ మంత్రివర్గమున స్థానము దొరికినది. ఆరుగురు అటు వెళ్ళిరి. టాయిలర్స్ పార్టీ పందొమ్మిదిమంది మంత్రిపదవి లేకయే బయటినుండి మద్దతిచ్చిరి. ముస్లిం లీగువారును, స్వతంత్రులలో పలువురును అటే ఒరిగిరి. జూన్ నెలలో రాజాజీగారు ఆహారధాన్యములపై కంట్రోళ్ళు ఎత్తివేయగా జనులలో వారికి మంచిపేరు వచ్చినది. రేషను బియ్యమునకై వరుసలలో నిలిచి విసిగినవారు ప్రభుత్వము ఏ దారిన వచ్చినదని అడుగలేదు.

జూలై 3వ తేదీన బలపరీక్ష జరిగినది. ప్రభుత్వమునకు అనుకూలముగా 200, ప్రతికూలముగా 151. ప్రమాణము చేసిన నాటినుండి బలము నిరూపించిన నాటికి 84 దినములు. నా తగవంతయు ఈ 84 దినములమీదనే. గవర్నరు కాంగ్రెసును పిలుచుట తప్పని నేను తీర్మానించలేను. 166 కూడ 188 కాదు గదా. కాని గద్దెమీద కూర్చున్నవాడు బలము కూడగట్టుకొనుట వేరు, వాకిట నిలిచినవాడు కూడగట్టుకొనుట వేరు. ఇచ్చుటకు మంత్రిపదవులు ఒకని చేతనే ఉన్నవి. ఆ 84 దినములు పంతులుగారికి ఇచ్చియున్నచో నాయకరుగారు ఇటే ఉండెడివారేమో, ఎవరు చెప్పగలరు? ఏ సంస్థలోనైనను నిలువ సరిచూడక ముందే పెట్టె తాళము ఒకరి చేతికిచ్చి, మూడు నెలల పిమ్మట లెక్క చూపుమన్నచో ఆడిటరు ఊరకుండడు.

తరువాత దేశము ఈ విషయమున కొంత నేర్చుకొన్నది. 1988లో సర్కారియా కమీషను, ఎన్నికలకు ముందు కట్టిన కూటమికి ఒక వరుస, ఇతరుల మద్దతు గల పెద్ద పక్షమునకు ఒక వరుస, ఎన్నికల పిమ్మట కట్టిన కూటమికి ఆపై వరుస యని క్రమము సూచించినది. 1994లో బొమ్మై కేసున సుప్రీముకోర్టు బలమును తేల్చవలసిన చోటు శాసనసభయే యని చెప్పినది. ఆ క్రమము ప్రకారము చూచినను, కాంగ్రెసుకు ఇతరుల మద్దతు ముందే ఉన్నచో పంతులుగారి వంతు వెనుకనే వచ్చును. ఎన్నికలకు ముందు రంగాగారితో విడిపోకుండినచో ఏమగునో యని నాకు ఇప్పటికిని తోచుచుండును.

ఆ సంవత్సరాంతమున, డిసెంబరు 15వ తేదీన, పొట్టి శ్రీరాములుగారు ఆత్మార్పణము చేసిరి. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. దానికి ముఖ్యమంత్రి ఎవరు? ఏ కాంగ్రెసును గద్దె నెక్కనీయరాదని పంతులుగారు అంత పోరిరో, ఆ కాంగ్రెసే వచ్చి వారిని నాయకత్వము వహింపుమని కోరినది. పంతులుగారు తమ పక్షమును వీడి ఒప్పుకొనిరి. నిన్న తోడున్న కమ్యూనిస్టులు ఎదుటి బల్లలమీద కూర్చుండిరి. దీనిని చూచి నొచ్చుకొన్నవారు కలరు. ఎనుబదియొకటవ యేట, డేరాలలో కచేరీలు నడచు పట్టణమున, ఖజానా లేని క్రొత్త రాష్ట్రమును నిలుపుటకు వేరొకరు దొరకలేదన్న మాట కూడ మరువరాదు. తిరుపతిలో విశ్వవిద్యాలయము, గుంటూరులో ఉన్నత న్యాయస్థానము, బెజవాడలో వరదకు దెబ్బతిన్న ఆనకట్టకు బదులు క్రొత్త బ్యారేజి పని, అన్నియు ఆ కొలది నెలలలో ఆరంభమైనవే.

ఈమారు లెక్క తిరుగబడినది. మద్యనిషేధము వలన ఉపాధి పోయిన కల్లుగీత పనివారి పక్షమున గౌతు లచ్చన్నగారు ఆందోళన సాగించిరి. నిషేధమును విచారించిన రామమూర్తి సంఘము దానిని ఎత్తివేయుటయే మేలని సూచించగా, ప్రభుత్వము అంగీకరింపలేదు. ప్రతిపక్షములు ఏకమైనవి. 1954 నవంబరు 6వ తేదీన అవిశ్వాస తీర్మానమునకు అనుకూలముగా 69, ప్రతికూలముగా 68 ఓట్లు వచ్చినవి. ఒక్క ఓటుతో పంతులుగారు దిగిపోయిరి. దింపినవారికిని గద్దె దక్కలేదు. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చినది. 1952లో సంఘటనను పిలువలేదు, 1954లో కూలద్రోసినవారిని పిలువలేదు.

1955 ఎన్నికలలో కాంగ్రెసు, కృషికార్ లోక్, ప్రజా పార్టీలు ముందుగనే పొత్తు కుదుర్చుకొని కమ్యూనిస్టులపై పోటీచేసి 196 స్థానములలో 146 గెలుచుకొన్నవి. పంతులుగారు, రంగాగారు మరల ఒక పందిరి క్రిందికి వచ్చిరి. ముఖ్యమంత్రి పదవి మాత్రము బెజవాడ గోపాలరెడ్డిగారికి పోయినది. పంతులుగారు క్రియాశీల రాజకీయములనుండి తొలగిరి.

తొలగినను ఇంట కూర్చుండలేదు. ఎనుబదినాలుగేండ్ల వయసున, 1957 వేసవిలో, ఒంగోలు దగ్గర హరిజనవాడకు పోయి ఎండలో తిరిగి వడదెబ్బ తినిరి. హైదరాబాదు ఆసుపత్రిలో చేర్చగా మే 20వ తేదీన కన్నుమూసిరి. ఆ సంవత్సరమే కృష్ణమీది బ్యారేజి పూర్తియై వారి పేరు ధరించినది. ఒంగోలు జిల్లాకు వారి పేరు పెట్టినది 1972లో. వారి స్వీయచరిత్ర, నా జీవిత యాత్ర, మన గ్రంథాలయమున రెండవ బీరువా పై అరలో కలదు. అట్ట ఊడినందున దానిని ఇంటికి ఇచ్చుటలేదు, ఇక్కడనే కూర్చుండి చదువుకొనవచ్చును.