రాజుకూ పోపుకూ నడుమ నలిగిన కార్డినల్ రెజినాల్డ్ పోల్



మన పెద్దలు తెలుగు నేలను విడిచి ఈ గోకుంద, కిన్వట్ ప్రాంతాలకు వచ్చి స్థిరపడినారు. సొంత ఊరికి దూరంగా బ్రతకడమంటే ఏమిటో మనకు తెలుసు. అలా ఇరవై రెండేళ్లు పరదేశంలో గడిపిన ఒక గొప్పింటి వ్యక్తి చరిత్రను ఈసారి తెలుసుకొందాము. ఆయన మన శాఖవారు కారు, కతోలిక కార్డినల్. అయినను ఆయన జీవితంలో మనం ఆలోచించవలసిన సంగతులు ఉన్నవి.

రెజినాల్డ్ పోల్ 1500 సం.లో ఇంగ్లండులో జన్మించారు. తల్లి మార్గరెట్ రాజవంశపు స్త్రీ, నాలుగవ ఎడ్వర్డు రాజు తమ్ముని కుమార్తె. తండ్రి చిన్నతనంలోనే చనిపోయినందున బంధువైన ఎనిమిదవ హెన్రీ రాజు ఆయన చదువు ఖర్చు భరించాడు. ఆక్స్‌ఫర్డులోను, తరువాత ఇటలీలోని పాదువాలోను చదివి గొప్ప పండితుడనిపించుకొన్నారు.

అప్పుడు పరీక్ష వచ్చింది. హెన్రీ తన భార్య కేథరిన్‌ను విడిచి ఆన్ బొలీన్‌ను పెండ్లాడదలచాడు. మొదట పారిస్ విశ్వవిద్యాలయపు అభిప్రాయం సంపాదించుటలో పోల్ రాజుకు సహాయపడ్డారు. కాని మనస్సాక్షి ఒప్పలేదు. 1530లో యార్కు ఆర్చిబిషప్పు పదవి ఆశ చూపినా కాదని, 1532లో దేశం విడిచిపోయారు. 1536లో రాజును గద్దించుచు ఒక గ్రంథం వ్రాసి పంపారు. ఆ డిసెంబరులోనే పోపు ఆయనను కార్డినల్ చేశాడు.

రాజు కోపం ఇంటివారి మీద పడింది. 1539లో అన్న హెన్రీ తల నరికించారు. 1541 మే 27న అరవై ఏడేళ్ల తల్లిని కూడా లండన్ టవరులో శిరచ్ఛేదం చేశారు. కుమారుడు దూరదేశంలో వ్రాసిన మాటలకు ఇంట ఉన్నవారు వెల చెల్లించవలసి వచ్చింది.

1549-50లో పోపు ఎన్నికలో కొద్ది ఓట్ల తేడాతో ఆ పదవి తప్పిపోయింది. 1553లో కేథరిన్ కుమార్తె మేరీ రాణి అయింది. పోల్ తల్లి ఒకప్పుడు ఆమెను పెంచిన సంరక్షకురాలు. 1554 నవంబరులో పోల్ స్వదేశం చేరి, ఇంగ్లండును తిరిగి రోము సంఘంతో కలిపారు. 1556లో కాంటర్బరీ ఆర్చిబిషప్పు అయ్యారు. అభిషేకానికి ముందురోజే, అంతకుముందు ఆ పదవిలో ఉండిన క్రాన్మర్‌ను సజీవంగా దహించారు. మేరీ కాలంలో సుమారు 280 మంది ప్రొటెస్టంటులు అట్లే హతసాక్షులైరి.

ఇంత చేసినా రోములో ఆయనకు ఆదరణ మిగలలేదు. విశ్వాసము వలన నీతిమంతులగుటను గూర్చి ఆయన తలంపులు లూథరు బోధకు దగ్గరగా ఉన్నవని కొందరు అనుమానించేవారు. 1557లో నాల్గవ పౌలు పోపు ఆయన రాయబారి అధికారాన్ని తీసివేసి, విచారణకు రోముకు రమ్మన్నాడు. రాణి పోనివ్వలేదు. 1558 నవంబరు 17న రాణి మరణించిన కొద్ది గంటలకే ఆయనా కన్నుమూశారు. కాంటర్బరీలో సమాధి చేశారు. ఆ పీఠానికి ఆయనే చివరి కతోలిక ఆర్చిబిషప్పు.

ప్రియులారా, తన మనస్సాక్షి కొరకు పదవిని, ఇంటిని, దేశాన్ని విడిచిన మనిషి ఈయన. అధికారం చేతికి వచ్చిన దినాన ఇతరుల మనస్సాక్షికి అదే స్వేచ్ఛ ఇవ్వలేకపోయారు. ఆయన ధైర్యం మనకు మాదిరి, ఆయన లోపం మనకు హెచ్చరిక. సంఘంలోను, ఇంటిలోను మాట చెల్లే స్థానంలో ఉన్నవారమందరం దీనిని మనస్సున ఉంచుకొందము గాక.