ఈడుపుగల్లు సుంకర

బెంజ్ సర్కిల్లో కంకిపాడు బస్సెక్కే కూలీ సోదరులారా, దారిలో ఈడుపుగల్లు వస్తుంది. 1909లో పుట్టిన కామ్రేడ్ సుంకర సత్యనారాయణ ఊరది.

ఒకప్పుడు బుర్రకథంటే రాజుల కథలే. సుంకర అందులోకి మనవాణ్ణి తెచ్చారు. ఆ కథ పేరే 'కష్టజీవి'. అవే గుమ్మెటలు, అదే తందాన. ఒక వంత రాజకీయం విప్పుతుంటే ఇంకో వంత నవ్విస్తాడు. చదువు రాని కూలోడు కూడా తెల్లార్లూ కూచుని వినే బడి అది.

1947లో వాసిరెడ్డి భాస్కరరావుతో కలిసి 'మాభూమి' నాటకం రాశారు. జనగామ దగ్గర కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ కథే దానికి ఆధారం. కోర్టులో గెలిచినా బందగీని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు నరికేశారు. నైజాం గొడవ మనకెందుకులే అనుకున్న డెల్టా పాలేరుకు, నాటకం చూశాక అది తన గొడవే అయింది. దొరలకు కంట్లో నలుసయ్యింది కూడా అందుకే. మద్రాసు ప్రభుత్వం నిషేధం పెట్టింది.

తర్వాత వచ్చిన 'మాభూమి' సినిమా వేరు. చాలామంది రెంటినీ కలిపేస్తారు. అది కిషన్ చందర్ నవల ఆధారంగా తీసింది. అది చూడ్డానికి సుంకర లేరు. 1975లోనే పోయారు.