ఉప్పు లెక్క చెప్పిన నిజం: ప్రశాంత చంద్ర మహలనోబిస్

1947లో ఢిల్లీ అల్లర్లతో అట్టుడికింది. మైనారిటీ వర్గానికి చెందిన ఎంతోమంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్లకు తిండి పెట్టే పనిని ప్రభుత్వం కాంట్రాక్టర్లకు అప్పగించింది. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. బిల్లులు మాత్రం భారీగా వచ్చేవి.

లెక్క తేల్చమని గణాంక నిపుణులను అడిగారు. లోపలికి వెళ్లే పరిస్థితి లేదు. చేతిలో ఉన్నవి ఆ బిల్లులే. బియ్యం లెక్కన చూస్తే జనం చాలా ఎక్కువ, ఉప్పు లెక్కన చూస్తే తక్కువ. ఉప్పు చవక. దాన్ని ఎక్కువ రాసి మిగుల్చుకునేదేమీ ఉండదు. అందుకే ఉప్పు లెక్కనే నమ్మారు. హుమాయూన్ సమాధి దగ్గరి శిబిరంలో పరీక్షిస్తే ఆ పద్ధతి దాదాపు సరిపోయింది. ఈ ఉపాయం జె.ఎం. సేన్‌గుప్తాది. ఆయన పనిచేసిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించింది మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో ఫిజిక్స్ చదివి, ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పారు. ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న ఒక గణాంక పత్రిక సంపుటాలు ఆయన దారినే మార్చేశాయి. 1931లో సంస్థ పెట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు 1941లో అక్కడికే చేరి ప్రపంచ ప్రసిద్ధుడయ్యారు.

పేద దేశంలో ప్రతి పొలాన్నీ కొలవాలంటే డబ్బూ చాలదు, మనుషులూ చాలరు. అందుకే మహలనోబిస్ బెంగాల్ జనపనార పంటపై శాంపిల్ సర్వే చేయించారు. ముందు చిన్నగా చేసి చూసి, ఆ తర్వాతే పెద్దది చేపట్టేవారు. ఒకే ప్రాంతానికి రెండు బృందాలను విడివిడిగా పంపేవారు. రెండు లెక్కలూ బాగా తేడా వస్తే ఎక్కడో పొరపాటు జరిగిందని తెలిసిపోయేది. 1943 కరువు బెంగాల్ కుటుంబాలను ఎలా దెబ్బతీసిందో కూడా ఆయన బృందం సర్వే చేసింది.

1949లో కేంద్ర మంత్రివర్గానికి గణాంక సలహాదారు అయ్యారు. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలైంది. అదే ఏడాది ఇతర దేశాల గణాంక ఉద్యోగులకు కలకత్తాలో శిక్షణ కేంద్రం వచ్చింది. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన రెండో పంచవర్ష ప్రణాళిక వెనక ఉన్నదీ ఆయనే. దాని మీద విమర్శలూ వచ్చాయి.

1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, ఆయన కన్నుమూశారు. 2007 నుంచి జూన్ 29ని గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.

ముస్లింలు చదువులో, ఉద్యోగాల్లో ఎంత వెనకబడ్డారో 2006లో సచార్ కమిటీ దేశం ముందు పెట్టింది. అందుకు వాడిన ముఖ్యమైన ఆధారాల్లో నేషనల్ శాంపిల్ సర్వే ఒకటి. లెక్కకు రాని కష్టం ప్రభుత్వం కంట పడదు. సర్వే వాళ్లు తలుపు తట్టినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పడం అందుకే ముఖ్యం.