కొనడమే పనిగా బతికిన నవాబు

సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళొచ్చిన పిల్లల్ని ఏం చూశారని అడగండి. గడ్డం మనిషి బయటికొచ్చి గంటలు కొట్టే గడియారం అంటారు. పెద్దవాళ్ళయితే మేలిముసుగు రెబెక్కా అంటారు. ఈ వస్తువుల వెనకున్న మనిషి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఆయన మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడో సాలార్‌జంగ్. 1889 జూన్ 13న పుణేలో పుట్టారు. నెల తిరక్కుండానే తండ్రి పోయారు. తాతా, తండ్రీ ఇద్దరూ నిజాం కొలువులో దివాన్లుగా చేసినవాళ్ళే. ఈయనకీ 1912లో ఆ పదవి దక్కింది. అప్పటికి నిండా పాతికేళ్ళు లేవు. 1914లో దాన్ని వదిలేశారు. పెళ్ళి చేసుకోలేదు. అక్కణ్ణుంచి ఆయన లోకమంతా పాత వస్తువులే.

మనం పాత చీరలిచ్చి స్టీలు బేసిన్ తీసుకోడానికే అరగంట బేరమాడతాం కదా! ఆయన దివాన్ దేవిడీలో ఆ బేరాలు ముప్పై ఏళ్ళకి పైగా సాగాయి. నవాబుగారు కొంటారని తెలిసి ఎక్కడెక్కడి వ్యాపారులో మూటలు విప్పుకుని గుమ్మంలో దిగేవారు. విదేశాల్లో ఏజెంట్లుండేవారు. అమ్మకానికి వచ్చిన అపురూప వస్తువుల జాబితాలు పంపేవారు. అదీ చాలక తనే యూరప్, మధ్య ప్రాచ్య దేశాలు తిరిగి కొనేవారు. జేడ్ రాతితో చేసిన వస్తువుల్ని చూస్తే ఆయన వేట ఎలాంటిదో తెలుస్తుంది. నూర్జహాన్ పళ్ళు కోసుకునే కత్తి, జహంగీర్ బాకు, ఇల్‌టుట్‌మిష్ పేరున్న పుస్తకపీఠం అక్కడివే. ఎంత చేయి తిరిగిన పనివాడో, ఆ రాయిని అంత పల్చగా చెక్కాడు!

కొన్నవన్నీ ఒక్క మేలు రకమేం కాదు. గొప్పవాటి పక్కనే మామూలువీ ఉన్నాయి. చేతికర్రలు, బొమ్మ సైనికులు కూడా! పిల్లల్లేని ఇంట్లో అన్ని బొమ్మలెందుకో అనిపిస్తుంది నాకైతే.

రెబెక్కాని కొన్నది మాత్రం ఈయన కాదు, తాతగారు. 1876లో రోమ్ నుంచి తెచ్చారు. చెక్కింది బెంజోనీ అనే ఇటలీ శిల్పి. పాలరాతిలోనే ముసుగు, ఆ ముసుగులోంచే ముఖం!

1949 మార్చి 2న నవాబుగారు పోయారు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి ఆరు నెలలే అయింది. కన్నబిడ్డలు లేరు. ఇంటినిండా ఈ సామాను! బంధువులు వాటాలేసుకుని ఉంటే ఒక్కో వస్తువూ ఒక్కో వేలంపాటలో పోయేది. పాలన చూస్తున్న వెల్లోడి దీన్ని మ్యూజియం చేద్దామన్నారు. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ చేత వస్తువుల్ని సర్దించారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ ప్రారంభించారు. హక్కుల సంగతి తేలడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. 1958లో కోర్టు ద్వారా రాజీ కుదిరి, వారసులు మొత్తం ప్రభుత్వానికి ఇచ్చేశారు. ఇళ్ళ వాటాల దగ్గర అన్నదమ్ములు ఇత్తడి బిందెల కోసం మాటలు మానేయడం చూసినవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. 1961లో పార్లమెంటు దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా చట్టం చేసింది. ఇప్పటి భవనంలోకి మారింది 1968లో.

ఎస్.ఆర్. నగర్‌లో మెట్రో ఎక్కితే ఎం.జి.బి.ఎస్.లో దిగి, ఆటోలో వెళ్ళిపోవచ్చు. శుక్రవారం సెలవు. పన్నెండు కొట్టే వేళకి జనమంతా గడియారం దగ్గర చేరతారు. జేడ్ గది చూడాలంటే అప్పుడే వెళ్ళండి.