మేరీ కార్పెంటరు: తీర్పునకు ముందే చెఱబడిన బాలుర మిత్రురాలు

మన నారాయణఖేడునకు జిల్లా కేంద్రమగు సంగారెడ్డి పట్టణమున 1796వ సంవత్సరమున కట్టబడిన పాత జైలొకటి కలదు. అది చిరకాలము ఖైదీలకు నిలయమై యుండి, 2016లో ప్రదర్శనశాలగా మార్చబడెను. ఐదువందల రూపాయలు చెల్లించినవా రొక దినము ఖైదీవలె నచట గడపుటకు వీలు కల్పించిరి. వేడుకకై లోనికి పోవువాడు తాను వెలుపలికి వచ్చు వేళను ఎఱిగియే పోవును. కాని నిజమైన చెఱలో తన విచారణ యెన్నడో, విడుదల యెన్నడో తెలియక దినములు లెక్కించువా రుందురు. వారిలో మీసములైన రాని బాలురున్నచో వారి గతి యేమి? ఈ ప్రశ్నను తన జీవితకార్యముగా గైకొనిన యొక మహిళ చరిత్రమును మా చదువరులకు నివేదించుచున్నాము.

మేరీ కార్పెంటరు 1807వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన ఇంగ్లండు దేశమందలి ఎక్సిటరు పట్టణమున జన్మించెను. తండ్రి లాంట్ కార్పెంటరు మతబోధకుడు, ఉపాధ్యాయుడు. 1817లో కుటుంబము బ్రిస్టలు నగరమునకు తరలిపోయెను. ఆ కాలమున బాలికలకు దుర్లభమైన లాటిను, గ్రీకు, గణితములను ఆమె తండ్రి పాఠశాలలో బాలురతో సమానముగా నేర్చెను.

1833లో ఇద్ద రతిథుల పరిచయ మామె జీవితమును మలుపు త్రిప్పెను. ఒకరు మన రాజా రామమోహన రాయలు. ఆయన యా సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన బ్రిస్టలు సమీపముననే కాలధర్మము నొందెను. రెండవవారు అమెరికా దేశమందలి బోస్టను నగరమున పేదల సేవ చేయుచుండిన జోసెఫ్ టకర్మను. ఆయన యొకనాడు మేరీతో బీదల వాడలో నడచుచుండగా, చింపిగుడ్డల పిల్లవా డొకడు వారి ముందునుండి పరుగెత్తిపోయెను. ఆ పిల్లవాని వెంటబోయి, వాని యిల్లెట్టిదో చూడవలసిన వారెవ్వరైన నుండవలెనని ఆయన పలికెను. ఆ మాట ఆమె హృదయమున నాటుకొనెను. 1846లో ఆమె బ్రిస్టలునందు అట్టి పిల్లలకొఱకే యొక పాఠశాలను తెఱచెను.

ఆ పాఠశాలకు వచ్చినవారిలో కారాగారపు గుమ్మము త్రొక్కినవారు నుండిరి. నాటి ఇంగ్లండు చట్టము ప్రకారము ఏడేండ్లు నిండిన బిడ్డ నేరస్థుడు కావచ్చును. చేతిరుమాలు దొంగిలించిన బాలుని సైతము జ్యూరీ యెదుట విచారింపవలసి యుండెను. అట్టి న్యాయసభ యేటికి నాలుగు మాఱులు మాత్రమే కూడునది. కావున జామీను దొరకని బాలుడు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు, ముదురు నేరస్థుల నడుమ నిరీక్షించుచుండెను. తీర్పు వచ్చునప్పటికి వాడు దొంగతనపు విద్యలో సగము నేర్చియుండును. నిర్దోషియని విడిచిపెట్టినను, నేర్చిన విద్య విడువదు. విచారణకు ముందరి యీ దీర్ఘనిర్బంధపు కీడును తొలగించుటకే 1847లో ఒక చట్టము చేసి, పదునాలుగేండ్లకు మించని బాలుర చిన్న దొంగతనములను మేజిస్ట్రేట్లే శీఘ్రముగా విచారించునట్లు ఏర్పరచిరి.

వ్యవహారము త్వరపడెను గాని, పిమ్మట బాలుని పంపుటకు జైలు తప్ప వేఱు చోటు లేకపోయెను. ఈ లోపమును మేరీ కార్పెంటరు పట్టుకొనెను. 1851లో సంస్కరణ పాఠశాలలను గూర్చి గ్రంథము ప్రకటించెను. 1852లో పార్లమెంటు ఉపసంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. ఆ యేటనే కింగ్స్‌వుడ్ అనుచోట సంస్కరణ పాఠశాలను స్థాపించెను. 1854లో, బైరను కవి భార్య కొని యిచ్చిన రెడ్ లాడ్జి యను భవనమున బాలికలకు వేఱొక పాఠశాల నేర్పరచెను. పని సులభముగా సాగలేదు. పాఱిపోయిన పిల్లలుండిరి, ఎదిరించినవారుండిరి. ఆమె వారిని విడిచిపెట్టలేదు.

1854లోనే ప్రభుత్వము సంస్కరణ పాఠశాలలను గుర్తించుచు చట్టము చేసెను. కాని పాఠశాలకు పోవుటకు ముందు బాలుడు పదునాలుగు దినములైన జైలులో నుండితీరవలెనను నిబంధన నందు చేర్చిరి. ఆమె దానిని గట్టిగా ఖండించెను. ఆ నిబంధన 1899లో గాని తొలగలేదు. అప్పటి కామె మరణించి 22 సంవత్సరములయ్యెను. విచారణకై వేచియుండు బాలలను జైలునకు గాక ప్రత్యేక గృహములకు పంపు పద్ధతి 1908 నాటి బాలల చట్టముతో ఆ దేశమున స్థిరపడెను. ఆమె పద్ధతులన్నియు దోషరహితములని మేము చెప్పము. స్వల్ప నేరమునకై రెండేండ్లు మొదలు ఐదేండ్లవఱకు బిడ్డను తల్లిదండ్రులకు దూరముగా నుంచుట నేటివారికి కఠినముగా తోచును. అయినను బిడ్డకు జైలు తగదను మూలసత్యమును ఆమె గెలిపించెను.

రామమోహన రాయల దేశమును చూడగోరి ఆమె 1866లో తన యేబదితొమ్మిదవ యేట ఓడయెక్కెను. 1876 లోపల నాలుగు పర్యాయములు మన దేశమునకు వచ్చి, బొంబాయి, మద్రాసు, కలకత్తా నగరములలో బాలికా పాఠశాలలను, కారాగారములను దర్శించి, ప్రభుత్వమునకు విన్నవించెను. 1876లో భారతదేశమున సంస్కరణ పాఠశాలల చట్టము వెలువడెను. మరుసటి యేడు జూన్ 14వ తేదీన ఆమె నిద్రలోనే కన్నుమూసెను. రామమోహన రాయల సమాధియున్న ఆర్నోస్ వేల్ శ్మశానవాటికయందే ఆమెయు విశ్రమించుచున్నది.

ఆ పిమ్మట 1920లో మద్రాసు బాలల చట్టమును, 1951లో హైదరాబాదు బాలల చట్టమును వచ్చినవి. మన నారాయణఖేడు నాడు హైదరాబాదు సంస్థానపు బీదరు జిల్లాలో నుండెను. నేడు అమలులో నున్న 2015 నాటి చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివానిని లాకప్పునందు గాని, జైలునందు గాని ఉంచరాదు. ప్రయాణకాలము పోను ఇరువదినాలుగు గంటలలో జువెనైల్ జస్టిస్ బోర్డు ఎదుట నిలుపవలెను. జామీను నిచ్చుటయే నియమము. ఈయకుండుటకు కారణము వ్రాయవలెను. ఇంటికి పంపరానిచో పరిశీలక గృహమున నుంచి, సామాన్యముగా నాలుగు నెలలలో విచారణ ముగింపవలెను. వాని పేరు పత్రికల కెక్కరాదు.

చట్టము పత్రిక నోరు మూయగలదు గాని, వీధి నోరు మూయలేదు. ఒక బాలుని పోలీసులు పిలిచిరని విన్నంతనే వానికి దొంగయని పేరు పెట్టుట, మన పిల్లలను వానితో మాటాడవద్దనుట, బడికి తిరిగి వచ్చినప్పుడు వాని ప్రక్క పలక ఖాళీగా నుంచుట—ఇవియు తీర్పునకు ముందే విధించిన శిక్షలే గదా! తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, ప్రియ విద్యార్థులారా, అట్టి బాలుడు మన నడుమకు తిరిగి వచ్చిననాడు వాని కొక చోటిత్తము. పరుగెత్తిపోవు పిల్లవాని వెంటబోవువా రెవ్వరైన నుండవలెనను మాటను మేరీ కార్పెంటరు ఒక్కతెయే విని యూరకుండలేదు. మనము విని యూరకుందుమా?